మూడోసారి అడిగేదాకా

ఎడారి దారిలో సాగంద్ ఊరు దాటాక బండి రెండోసారి ఆగింది. మొదటిసారి ప్లగ్గు, ఈసారి క్లచ్ వైరు. ఖొదాదాద్ స్టాండు వేసి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, తెగిన వైరు కొస వంక కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. కోపం రావలసిన చోట నీరసం వచ్చింది. తెల్లవారుజామున అర్దకాన్‌లో బయల్దేరినవాడు, ఇంకా పది గంటలైనా కాలేదు, అప్పుడే అతని నడుము సాయంత్రమైనట్టు మూలుగుతోంది.

వెనక కూర్చున్న బావమరిది ఫరామర్జ్ దిగనైనా దిగలేదు.

"ఇప్పుడేం తెగింది బావా?"

"క్లచ్ వైరు."

"నూట ఇరవై కిలోమీటర్లకి రెండుసార్లు. ఇంకా నాలుగొందలుంది. ఈ లెక్కన ఫెర్దౌస్ చేరేసరికి నీ చేతిలో హ్యాండిలూ, నా కింద సీటూ మిగుల్తాయి. మధ్యలో ఏమీ ఉండదు."

"వాగింది చాల్లే. దిగి తొయ్యి."

ఫరామర్జ్ మంగలి. కత్తెర పట్టడం తప్ప స్క్రూ డ్రైవరు పట్టడం తెలియదు. అయినా తోయడానికి విద్య అక్కర్లేదు కదా. బండిని న్యూట్రల్‌లో పరిగెత్తించి, ఖొదాదాద్ ఎక్కి క్లచ్ లేకుండానే గేరు తొక్కితే, అది ఒక్క కుదుపు కుదిపి బయల్దేరింది. వెనకాల పరిగెత్తుకొచ్చి ఫరామర్జ్ ఎలాగో ఎక్కాడు. అతని ఒళ్లో మిఠాయి పెట్టె, వీపున శాలువా మూట, పక్కన వేలాడుతూ పది కిలోల పిస్తా సంచి. ఇవి పెళ్లివారికి. అంటే ఖొదాదాద్ కూతురి పెళ్లికి.

ఆ కూతురు మాహ్‌రూ, ఫెర్దౌస్‌లో బడిపంతులమ్మ. అక్కడే పొలాలు సర్వే చేసే కియారష్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. గురువారం సాయంత్రం నాలుగింటికి నిఖా. ఆడపిల్ల తొలి పెళ్లికి తండ్రి నోరు తెరిచి అనుమతిస్తే తప్ప నిఖా చదవరు. కాబట్టి ఎవరు రాకపోయినా ఖొదాదాద్ రావాలి. భార్య తూబా పది రోజుల ముందే బస్సులో వెళ్లింది. పిస్తా తోటలో నీటి ఇంజిను చూసుకునేది ఇతనే గనక, కోత ముగిసేదాకా కదలడానికి వీల్లేక ఆగిపోయాడు.

మరి నడివయసు దాటిన మనిషి, ఐదువందల పైచిలుకు కిలోమీటర్ల ఎడారి దారిలో, పదిహేనేళ్ల నూట పాతిక సీసీ బండి మీద ఎందుకు బయల్దేరాడంటే, దానికి కారణం ఒక ఫోను.

పది రోజుల కిందట కియారష్ ఫోన్ చేసి, "మామగారూ, బుధవారం మీకోసం కారు పంపుతాను," అన్నాడు.

"అయ్యో, ఎందుకు బాబూ నీకు శ్రమ. నాకు బండి ఉందిగా. హాయిగా వచ్చేస్తాను," అన్నాడు ఖొదాదాద్.

అని రెండో మాట కోసం ఎదురుచూశాడు. మావైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి "మీరింతగా చెబుతుంటే కాదనడం ఎందుకు" అని నసుగుతూ తీసుకోవాలి. చాయ్ గ్లాసు దగ్గర్నుంచి పిల్లనివ్వడం దాకా ఇదే వరస. మొదటిసారే చెయ్యి చాచినవాణ్ణి కరువులో పుట్టినవాడంటారు. మొదటిసారితోనే అడగడం మానేసినవాణ్ణి మాత్రం ఏమంటారో మాకెవరికీ తెలియదు, అలాంటివాణ్ణి చూసి ఉండలేదు గనక.

"సరే మామగారూ, మీ ఇష్టం. జాగ్రత్తగా రండి," అని కియారష్ ఫోన్ పెట్టేశాడు.

ఖొదాదాద్ చాలాసేపు ఫోను చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత ఫరామర్జ్ కొట్టుకి వెళ్లి, ఒక గడ్డం సగం గీసి ఉండగానే జరిగింది చెప్పాడు.

"బస్సెక్కు బావా. గొడవ వదిలిపోతుంది," అన్నాడు ఫరామర్జ్.

"బండి మీద వస్తానని నోటితో అన్నాను. ఇప్పుడు బస్సులోంచి దిగితే, కారు కావాలని ఉండే వద్దన్నానని తెలిసిపోదూ?"

"నిజమే కదా మరి?"

"నిజమే. అందుకే తెలియకూడదు."

ఫరామర్జ్ మిగతా సగం గడ్డం గీసేశాడు. ఒంటరిగా పంపితే అక్క తనని బతకనివ్వదు గనక, తోడు బయల్దేరాడు. ఖొదాదాద్ మనసులో ఉన్నది మాత్రం ఎవరితోనూ అనలేదు. ఆ కుర్రాడు రెండోసారి అడగలేదంటే మామగారు రావడం వాడికి ఇష్టం లేదన్న మాట. పిల్లనిచ్చేవాడు అంత చేదయ్యాడా అని పది రోజులుగా లోలోపల కుమిలిపోతున్నాడు. అన్నం దగ్గర కూర్చుంటే అదే. ఇంజిను దగ్గర కూర్చున్నా అదే.

లారీలు ఆగే ఒక చాయ్ కొట్టు దగ్గర పాత సైకిలు బ్రేకు వైరు దొరికింది. అది పొడవు చాలక, హ్యాండిలుకు అడ్డంగా తిప్పి కట్టారు. దాంతో క్లచ్ పట్టాలంటే కుడి చెయ్యి కూడా సాయం రావాలి. మధ్యాహ్నం చైను లింకు ఊడింది. దాన్ని ఫరామర్జే వెతికాడు, రోడ్డు మీద మోకాళ్ల మీద పాకుతూ, వచ్చిపోయే లారీవాళ్లు హారన్లు కొట్టి నవ్వుతుంటే. ఎండ తగ్గాక పెట్రోలులో తుప్పు కార్బొరేటర్‌లోకి దిగి బండి దగ్గడం మొదలెట్టింది. ఖొదాదాద్ దాన్ని విప్పి, జెట్టు నోట్లో పెట్టుకుని ఊది, బిగించి, మళ్లీ విప్పి ఊదాడు. తబస్ ఊరు చేరేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. లారీవాళ్ల సత్రంలో బూట్లు విప్పకుండానే నిద్రపోయారు.

గురువారం పొద్దున్నే మెకానిక్ ఉస్తాద్ ఖంబర్ కొట్టు తెరిపించారు. ఆయన బండి స్టార్టు చేయించి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి, ఆ చేతిని ఖొదాదాద్ మొహం ముందు పెట్టాడు. అరచేతినిండా నల్లటి జిడ్డు.

"నీ బండి పెట్రోలు కన్నా ఆయిలు ఎక్కువ తాగుతోందన్నా. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. మూడు రోజులు నా దగ్గర వదిలెయ్."

"సాయంత్రం నాలుగింటికి మా అమ్మాయి నిఖా, ఉస్తాద్."

ఉస్తాద్ బండిని చూశాడు, తర్వాత ఫరామర్జ్ పొట్టని చూశాడు.

"ఇద్దరూ వెళ్లాలా?"

"రింగులు మార్చే బదులు నన్నిక్కడ దింపేస్తాడేమో బావా ఈయన," అన్నాడు ఫరామర్జ్.

ఉస్తాద్ నవ్వలేదు. ఒక సీసా ఆయిలు ఇచ్చి, నలభై దాటొద్దనీ, అరగంటకోసారి ఆపి ఆయిలు చూసి పొయ్యమనీ, సీసా అయిపోతే ఇంకో సీసా కొనేదాకా అడుగు ముందుకెయ్యొద్దనీ చెప్పాడు. "దీన్ని ముసలిదానిలా నడిపించు. నొప్పి అంటే ఆగు," అన్నాడు.

అలాగే నడిపించారు. ఆ వేగానికి ఈగలు కూడా వెంట వచ్చేవి. అరగంటకోసారి ఆగడం, ఎండలో నిలబడి ఇంజిను చల్లారేదాకా ఇద్దరూ చెరోవైపు చూడటం, మళ్లీ ఎక్కడం. ఖొదాదాద్ అరచేతులు బొబ్బలెక్కాయి. ఫరామర్జ్‌కి కూర్చోవడానికీ నిలబడటానికీ తేడా తెలియడం మానేసింది. దేహూక్ చేరేసరికి పన్నెండున్నర అయింది, సీసా ఖాళీ అయింది. ఆయిలు కొట్టు ఊరి లోపల. వెళ్లి రావాలంటే ముప్పావు గంట.

"ఇంకా నూట పది కిలోమీటర్లే ఉంది," అన్నాడు ఖొదాదాద్.

"ఉస్తాద్ ఏం చెప్పాడు?"

"ఉస్తాద్‌కి కూతురి పెళ్లి లేదు."

ఆ ముప్పావు గంట కోసం కక్కుర్తిపడి ఊళ్లోకి వెళ్లలేదు. ఇంకో యాభై కిలోమీటర్లు ఏ పేచీ లేకుండా నడిచింది. అంత సాఫీగా అది రెండు రోజుల్లో ఎన్నడూ నడవలేదు. ఫరామర్జ్ కూనిరాగం కూడా మొదలెట్టాడు. అంతలో ఇంజిను ఒక్క కీచు పెట్టి బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసి జారింది, బండి పక్కకి ఒరిగింది, ఇద్దరూ దాంతో పాటే మెల్లగా ఒరిగారు. దెబ్బలేమీ పెద్దగా తగల్లేదు. మిఠాయి పెట్టె మాత్రం ఫరామర్జ్ కింద పడి అట్టముక్కలా అయింది.

ఖొదాదాద్ లేచి కిక్ రాడ్డు మీద నిలబడ్డాడు. రాయి మీద నిలబడ్డట్టే ఉంది. పిస్టన్ పట్టేసింది. ఇక ఊదడానికీ కట్టడానికీ ఏమీ లేదు. ఆ బండి ఎక్కడ పడిందో అక్కడే చచ్చింది. టైము రెండు కావస్తోంది, ఫోన్లో సిగ్నలు లేదు, చుట్టూ ఉప్పునేల.

పావుగంటకి ఒక పికప్పు బండి వచ్చి ఆగింది. వెనక ఖాళీగా ఉంది. నడిపేది మీసాలు నెరిసిన మనిషి, ఫెర్దౌస్‌కే వెళ్తున్నాడు.

"ఏమైంది పెద్దాయనా? ఎక్కించండి, దింపేస్తాను."

ఫరామర్జ్ అప్పటికే మిఠాయి పెట్టె అందుకున్నాడు. ఖొదాదాద్ చెయ్యి గుండెల మీద పెట్టుకుని వంగి అన్నాడు:

"మీ నీడ చల్లగుండాలి అన్నా. మీకెందుకు శ్రమ. కొంచెం వేడెక్కింది, అంతే. చల్లారితే వెళ్లిపోతాం."

ఆ మాట అతను అనలేదు. అరవై ఏళ్ల అలవాటు అతని నోటితో అంది. అని, మామూలుగానే, రెండో మాట కోసం చూశాడు.

పికప్పు మనిషి ఆవలించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎక్కణ్ణుంచో రాత్రంతా నడుపుకుంటూ వస్తున్నట్టున్నాడు. "సరే అయితే, దేవుడు చూసుకుంటాడు," అని గేరు వేసి వెళ్లిపోయాడు.

ఫరామర్జ్ మిఠాయి పెట్టెతో రోడ్డు మధ్యలో నిలబడి, ఆ బండి చుక్కంత అయ్యేదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"బావా, ఒక్కసారి సరే అంటే నోరేమైనా అరిగిపోతుందా నీకు?"

"మళ్లీ అడుగుతాడనుకున్నాను."

"అడిగాడా?"

"లేదు."

"మొహమాటానికి పోతే కడుపొచ్చిందట ఎవరికో. నీకు కూతురి పెళ్లే పోయేలా ఉంది. ఆ మనిషి దణ్ణం పెట్టి బతిమాలాలా నిన్ను? నువ్వేమన్నా పెళ్లికూతురివా?"

తప్పు తనదని తెలిసినప్పుడు బావమరిది మాటలు కూడా పెద్దలు చెప్పినట్టే వినిపిస్తాయి. ఇద్దరూ వెనక చక్రాన్ని చైను నుంచి విడదీసి, బండిని తోసుకుంటూ ఎదురుగా కనిపిస్తున్న గుట్ట వైపు నడిచారు. ఆ తర్వాత రెండు ట్యాంకర్లు వచ్చాయి. చెయ్యెత్తితే ఒక్కటీ ఆగలేదు. గుట్ట మీదికి చేరేసరికి మూడున్నర దాటింది. ఖొదాదాద్ నాలుక అట్టకట్టింది.

ఫోన్లో రెండు గీతలు కనబడ్డాయి.

"పెళ్లికొడుక్కి చెయ్యి. కారు పంపమను," అన్నాడు ఫరామర్జ్.

"పీటల మీద కూర్చున్నవాణ్ణి కారు పంపమని అడగనా? ఏ మొహం పెట్టుకుని?"

"ఇదే మొహం. దుమ్ము తుడుచుకుంటే సరిపోతుంది."

అంతలో తూబాయే చేసింది. ఖొదాదాద్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చేశాం తూబా. దగ్గర్లోనే ఉన్నాం. బండి కొంచెం వేడెక్కి—"

ఫరామర్జ్ ఫోను లాక్కున్నాడు. "అక్కా, నమ్మకు. బండి చచ్చి రెండు గంటలైంది. యాభై కిలోమీటర్ల దూరంలో గుట్ట మీదున్నాం. బావకి నోరు తప్ప అన్నీ పనిచేయడం మానేశాయి. ఆ నోరు కూడా అక్కర్లేనప్పుడే పనిచేస్తోంది."

తూబా గొంతు తగ్గించి మాట్లాడింది. నిఖా చదివే హాజీ ఆగాకి ఐదింటికి ఇంకో ఊళ్లో ఇంకో నిఖా ఉంది. మళ్లీ వచ్చే గురువారం దాకా దొరకడు. పెళ్లికొడుకు తరఫు పెద్దలు అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు, పిల్ల తండ్రికి ఇష్టం లేక దారిలో ఆగిపోయాడని. పిల్ల అద్దం ముందు బొమ్మలా కూర్చుంది, నీళ్లు కూడా తాగడం లేదు. హాజీ ఆగా ఫోన్లో అనుమతి వింటానన్నాడు, సంతకం రాత్రికి వచ్చాక పెడితే చాలన్నాడు.

"అందరికీ వినపడేలా పెడుతున్నాను," అంది తూబా. "సరిగ్గా చెప్పండి."

ఫోన్లోంచి హాలు మొత్తం వినిపించింది, గాజుల చప్పుడు, చిన్నపిల్లల ఏడుపు, ఎవరో ఎవర్నో కూర్చోమనడం. తర్వాత హాజీ ఆగా గొంతు.

"ఖొదాదాద్ ఆగా, మీ అమ్మాయి మాహ్‌రూకీ కియారష్‌కీ నిఖా చదవడానికి మీ అనుమతి ఉందా?"

"హాజీ ఆగా, మేమెంతటివాళ్లం. మీరందరూ పెద్దలు అక్కడ ఉండగా, అధికారం మీది," అన్నాడు ఖొదాదాద్, ఫోను ముందు కూడా వంగి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

"మా అధికారం సరే. మీ అనుమతి కావాలి నాకు."

"మీ మాటే మా మాట. మీరెలా అంటే—"

ఫరామర్జ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అవతల హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వాటి మధ్యలోంచి కియారష్ గొంతు వినబడింది. ఫోన్లో వినపడాలని అతను అన్నట్టు లేదు.

"వదిలేయండి హాజీ ఆగా. ఆయనకి ఇష్టం లేదు. కారు పంపుతానన్న రోజే నాకర్థమైంది. నా కారెక్కడానికే ఇష్టపడని మనిషి, పిల్లనెలా ఇస్తారు? ఆయన్ని బలవంతపెట్టకూడదనే ఆ రోజు మళ్లీ అడగలేదు."

ఖొదాదాద్ రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. పది రోజులు తను ఇక్కడ ఆ కుర్రాడికి చేదయ్యానని కుమిలాడు, పది రోజులు ఆ కుర్రాడు అక్కడ తనకి చేదయ్యానని కుమిలాడు. ఇద్దరి మధ్యా ఉన్నదంతా ఒక్క వద్దు, అదీ వద్దు కాని వద్దు. తన కూతురు ఇప్పుడు ఆ హాల్లో, అంతమంది ముందు, తల వంచుకుని కూర్చుని ఉంటుంది. తన మర్యాద తన కూతురి తల వంచింది. ఇన్నేళ్లలో తనమీద తనకి ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"కియారష్ బాబూ," అన్నాడు. "వింటున్నావా?"

"వింటున్నాను మామగారూ."

"ఆ రోజు కారు కావాలని ఉండే వద్దన్నాను. నువ్వు మళ్లీ అడుగుతావని. అడగలేదని అలిగి బండి మీద బయల్దేరాను. ఇందాక ఒకాయన ఎక్కించుకుంటానంటే ఆయన్నీ వద్దన్నాను. నాకు బుద్ధి లేదు. నా నడుము విరిగిపోయింది. దాహమేస్తోంది. బండి చచ్చిపోయింది. నాకు కారు కావాలి. ఇంకోటి, నువ్వంటే నాకు ఇష్టం. మొదట చూసినప్పుడే నచ్చావు, చెప్పడానికి సిగ్గుపడ్డాను." ఊపిరి పీల్చుకున్నాడు. "హాజీ ఆగా, అనుమతి ఇచ్చాను. నోరారా ఇచ్చాను. అవును."

హాల్లో ఎవరో పెద్దగా నవ్వారు, ఇంకెవరో వాళ్లని ఊరుకోమన్నారు. "మా అన్నయ్య బయల్దేరుతున్నాడు మామగారూ, అక్కడే ఉండండి," అన్నాడు కియారష్. తూబా ముక్కు చీదడం ఫోన్లో స్పష్టంగా వినబడింది.

హాజీ ఆగా గొంతు సవరించుకుని నిఖా మొదలుపెట్టాడు. పెళ్లికూతుర్ని మూడుసార్లు అడుగుతారు. మొదటిసారి అడిగితే పిల్ల మాట్లాడదు, ఆడవాళ్లందరూ కలిసి "పెళ్లికూతురు పూలు కోయడానికి వెళ్లింది" అంటారు. రెండోసారి "పన్నీరు తేవడానికి వెళ్లింది" అంటారు. మూడోసారికి గానీ పిల్ల నోరు విప్పదు. మొదటిసారే ఒప్పుకున్న పిల్లని ఖొదాదాద్ ఎరగడు, అతని తల్లి ఎరగదు, అమ్మమ్మ ఎరగదు.

"మాహ్‌రూ ఖానుం, కియారష్ ఆగాతో నీ నిఖా చదవడానికి నీ తరఫున నాకు అధికారం ఇస్తున్నావా?"

"పెళ్లికూతురు పూలు కోయ—" అని ఆడవాళ్లు అందుకున్నారు.

"ఎక్కడికీ వెళ్లలేదు," అంది మాహ్‌రూ. "ఇక్కడే ఉన్నాను. మా నాన్న అనుమతితో, అవును."

ఆడవాళ్ల పాట గొంతుల్లోనే ఆగిపోయింది. హాజీ ఆగా కూడా తడబడ్డాడు, ఇంకా రెండుసార్లు అడగడానికి సిద్ధమై ఉన్నాడు గనక. ఏదో ముసలి గొంతు "ఇదేం పిల్లమ్మా" అని గొణిగింది. తర్వాత ఒక మూల ఎవరో చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు హాలంతా పాకి, ఫోను పగిలిపోయేలా మోగాయి.

గుట్ట మీద ఫరామర్జ్ చితికిన మిఠాయి పెట్టె తెరిచి, ఒక ముక్క తను నోట్లో వేసుకుని, ఇంకో ముక్క బావ ముందు పెట్టాడు. ఖొదాదాద్ దాన్ని చూడలేదు. జిడ్డు చేతులతో ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బుగ్గల మీది దుమ్ములో రెండు చారలు దిగుతున్నాయి.

"ఏడుస్తున్నావా బావా?"

"అవును," అన్నాడు ఖొదాదాద్.